“మోకా మీద చూసి చెప్తాం”: ఈ మోకా ఏది?

భూమి కాగితాల పని మీద తహసీల్ ఆఫీసుకు వెళ్తే “మోకా మీద చూసి చెప్తాం” అన్నారు. మౌకా అంటే అవకాశం కదా? ఇదీ అదేనా?

— అదే మాటండీ. అరబ్బీ నుంచి ఉర్దూకు వచ్చిన ఈ మాటకు అదను, చోటు రెండూ అర్థాలే. రెవెన్యూ వాళ్ల దగ్గర రెండోది నిలిచింది. నిజాం పాలన చివరి దశాబ్దాల్లో సర్కారు రాతకోతలు ఎక్కువగా ఉర్దూలోనే కదా. మోకా పంచనామా అంటే పొలం దగ్గరికి పోయి, పక్క చేన్ల వాళ్లను పిలిచి, హద్దులు చూసి రాసుకునేది.

ఆ పోయే మనిషి కథే తమాషా. 1984లో ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీల పోస్టులు పోయాయి. తర్వాత పేర్లు మారుతూ వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) వచ్చారు. 2020 సెప్టెంబరులో తెలంగాణలో ఆ పోస్టులూ రద్దయ్యాయి, అక్టోబరు 29న భూమి రికార్డుల వెబ్‌సైటు ధరణి మొదలైంది. ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే పహాణీ కంప్యూటరెక్కాక రాసే మనిషెందుకన్నది సర్కారు లెక్క. లంచాలతో విసిగిన జనం కూడా పీడ పోయిందనే అనుకున్నారు. కానీ రాయడం ఆయన పనిలో సగమే. ఫలానా సర్వే నంబరులో దున్నుతున్నది ఎవరో చూసిరావడం మిగతా సగం. ధరణిలో సాగుదారు పేరు రాసే కాలమే లేకుండా పోయింది! 2022లో వీఆర్వోలను లాటరీ తీసి వేరే శాఖలకు పంచేశారు. మోకా పని గిర్దావరు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఆర్‌ఐ) నెత్తిన పడింది, ఆయనకేమో బోలెడు ఊళ్లు. 2025లో ధరణి బదులు భూభారతి వచ్చాక పాత వీఆర్వోలకూ, వీఆర్ఏలకే (గ్రామ రెవెన్యూ సహాయకులు) పరీక్ష పెట్టి గ్రామ పాలనాధికారులుగా మళ్లీ ఊళ్లకు పంపారు. పోస్టులు తీసేసేముందే ఈ లెక్క వేసుకోవాల్సింది.

— మా కోస్తాలో మోకా నేను వినలేదు. ‘పంట అజమాయిషీ’ అంటారు. అజమాయిషీ అంటే ఇప్పుడు పెత్తనం అనుకుంటాం గానీ, ఫారసీలో పరీక్షించి చూడటం. ఇప్పుడది ఈ-క్రాప్ అయింది, అంటే ఏ చేలో ఏ పంట ఉందో ఫోన్ యాప్‌లో నమోదు చేయడం. వ్యవసాయ సహాయకురాలు మిట్టమధ్యాహ్నం గట్టు మీద ఫోన్ అటూ ఇటూ తిప్పుతూ నిలబడుతుంది. లొకేషన్ పట్టకపోతే ఫొటో ఎక్కదు. సిగ్నల్ లేని చేలో అదో టెన్షన్. యాప్ వచ్చినా పొలానికి వెళ్లడం తప్పలేదు, వెళ్లే ఉద్యోగి మారారంతే.

— గిర్దావరులో ‘గిర్ద్’ అంటే చుట్టూ అని అర్థం. రాయలసీమలో ఈ మాట ఉందా? ఆర్‌ఐ అనే అంటారా?