మూడు లూపులు రాస్తే మ్యాథ్ ఎర్రర్, రెండు రాస్తే మైనస్ కరెంటు!

పుత్తూరు_డిప్లొమా:
కిర్కాఫ్ నియమాలతో చేసే రెండు బ్యాటరీల లెక్క. ఎడమ కొమ్మలో 12 వోల్టులు, 2 ఓమ్‌లు. కుడి కొమ్మలో 6 వోల్టులు, 3 ఓమ్‌లు. మధ్యలో 6 ఓమ్‌లు. బ్యాటరీల ప్లస్‌లు రెండూ పైకే. తెలియనివి మూడు (ఎడమ, కుడి కొమ్మల్లో పైకి పోయే కరెంట్లు ఐ1, ఐ2, మధ్యలో కిందికి దిగే ఐ3) కాబట్టి మూడు లూపులు, అంటే మూడు చుట్లకి వోల్టేజి సమీకరణాలు రాశాను.
2ఐ1 + 6ఐ3 = 12
3ఐ2 + 6ఐ3 = 6
2ఐ1 − 3ఐ2 = 6
క్యాలిక్యులేటర్‌లో వేస్తే మ్యాథ్ ఎర్రర్. రూమ్మేట్‌కేమో ఐ2 మైనస్ 2/3 వచ్చింది. ఎవరిది కరెక్ట్? పరీక్షకి మెష్ (లూపు కరెంట్లతో చేసేది) మేలా, నోడల్ (జంక్షన్ వోల్టేజితో చేసేది) మేలా? తిరుపతిలో సర్క్యూట్స్‌కి ఆదివారం ట్యూషన్ చెప్పేవాళ్లున్నారా?

లీలామహల్_సర్కిల్:
అసలు క్యాలిక్యులేటర్ ఎందుకు ముట్టుకున్నావు? ఈక్యూఎన్ మోడ్‌లో (సమీకరణాలు వేస్తే అదే సాధించేస్తుంది) జవాబు తెచ్చి పేపర్ మీద పెడితే స్టెప్పులు లేవని నాకు సగం మార్కులు కూడా వేయలేదు. జవాబు అక్షరాలా కరెక్టే! ఇప్పటికీ కడుపు మంట.

చిత్తూరు_991:
క్యాలిక్యులేటర్ ఏం పాపం చేసిందన్నా? ఎర్రర్ చూపించి మేలే చేసింది. తమ్ముడూ, నీ మొదటి సమీకరణంలోంచి రెండోది తీసెయ్. మూడోదే వస్తుంది. అంటే మూడోది కొత్తగా చెప్పేదేమీ లేదు, డిటర్మినెంట్ సున్నా, అందుకే ఎర్రర్. ఈ సర్క్యూట్‌లో పనికొచ్చే లూపులు రెండే. మూడో సమీకరణం జంక్షన్ దగ్గర రాయాలి: ఐ1 + ఐ2 = ఐ3. దాన్ని పై రెండింట్లో పెడితే
8ఐ1 + 6ఐ2 = 12
6ఐ1 + 9ఐ2 = 6
మొదటిదాన్ని 3తో, రెండోదాన్ని 2తో గుణించి తీసేస్తే 12ఐ1 = 24. ఐ1 = 2 ఆంపియర్లు, ఐ2 = −2/3, ఐ3 = 4/3. మీ రూమ్మేట్‌దే కరెక్ట్.

రిటైర్డ్_వైర్‌మ్యాన్:
మైనస్ కరెంటు అనేది ఎక్కడా ఉండదు బాబూ. బ్యాటరీ ప్లస్‌లోంచి కరెంటు బయటికే వస్తుంది. ఈ చేతులతో ఎన్ని ప్యానెల్ బోర్డులు బిగించానో లెక్కే లేదు. బాణం తప్పు పెట్టారు, మళ్లీ మొదటినుంచి చేయండి.

కరకంబాడి_రోడ్డు:
సార్, తప్పుగా అనుకోవద్దు. మీ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఎట్లా ఛార్జ్ అవుతోంది మరి? ప్లస్‌లోకి కరెంటు పోతేనే కదా! ఇక్కడ జంక్షన్ దగ్గర 8 వోల్టులున్నాయి (6 ఓమ్‌లు ఇంటూ 4/3). 6 వోల్టుల బ్యాటరీ దాన్ని ఎదిరించి తోయలేదు, అదే ఛార్జ్ అవుతుంది. మైనస్ అంటే మనం గీసిన బాణానికి ఎదురు దిశ, అంతే. మళ్లీ చేయడమెందుకు? సగంలో బాణం తిప్పేవాళ్లకే కొన్ని గుర్తులు మారి, కొన్ని మారక లెక్క మొత్తం పోతుంది.

రిటైర్డ్_వైర్‌మ్యాన్:
ఛార్జర్ వేరు, బ్యాటరీ వేరు. పుస్తకం చూసి మాట్లాడేవాళ్లు నాకు బ్యాటరీ గురించి చెప్పేదా!

చిత్తూరు_991:
పవర్ లెక్క చూడండి సార్. 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చేది 24 వాట్లు. 2 ఓమ్‌లలో 8 వాట్లు, 3 ఓమ్‌లలో 4/3, 6 ఓమ్‌లలో 32/3 పోతాయి. కలిపితే 20. మిగిలిన 4 వాట్లు ఎటు పోయినట్టు? 6 వోల్టులు ఇంటూ 2/3. రెండో బ్యాటరీలోకే.

భాకరాపేట_సోలార్:
ఆయన్ని వదిలేయండప్పా, పెద్దాయన. పాత బ్యాటరీ పక్కన కొత్తది ప్యారలల్‌గా పెడితే జరిగేది ఇదే. కొత్తది పాతదానిలోకి కరెంటు తోస్తుంటుంది. మా షెడ్‌లో పాతది వేడెక్కి ఉబ్బిపోయింది. షాపువాడు ఏం కాదన్నాడు, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఇంతకీ ట్యూబులర్ బ్యాటరీ కొనాలా, లిథియమా?

కొర్లగుంట_గేట్:
బ్యాటరీల సంత పక్కన పెట్టండి. మీరంతా రెండు సమీకరణాలతో కుస్తీ పడుతున్నారు, నోడల్‌లో ఒక్కటే చాలు. పై జంక్షన్ వోల్టేజి వి అనుకుంటే (12 − వి)/2 + (6 − వి)/3 = వి/6. వి = 8. నోటితో చేశాను, పెన్ను కూడా తీయలేదు.

లీలామహల్_సర్కిల్:
1/2, 1/3, 1/6 కలిపితే సరిగ్గా 1 అయింది, నీ నోరు పనిచేసింది. 4.7 ఓమ్‌లు, 3.3 ఓమ్‌లు ఇచ్చి చూడు. పైగా ప్రశ్నలో "మెష్ పద్ధతిలో" అని అడిగితే నోడల్ రాసి ఏం లాభం?

కొర్లగుంట_గేట్:
అందుకే నోటి లెక్క అలవాటుండాలి. గేట్ పరీక్షలో స్క్రీన్ మీద ఇచ్చే క్యాలిక్యులేటర్‌కి ఈక్యూఎన్ మోడే లేదు. ఈఏపీసెట్‌లో క్యాలిక్యులేటరే లేదు. కిర్కాఫ్ 1845లో విద్యార్థిగా ఉండగా ఈ నియమాలు రాశాడు, ఆయన చేతిలో ఏ మోడల్ ఉందో!

చిత్తూరు_991:
నీ నోడల్‌నే మ్యాట్రిక్స్‌గా పేర్చి, సర్క్యూట్లు లెక్కించే స్పైస్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఇరవై జంక్షన్లుంటే నువ్వూ నోరు మూసుకుని దానికే ఇస్తావు.

పుత్తూరు_డిప్లొమా:
గొడవ ఆపండి అన్నా. లెక్క వచ్చింది. తర్వాతి ప్రశ్నలో రెండు మెష్‌ల మధ్య కొమ్మలో 2 ఆంపియర్ల కరెంట్ సోర్స్ (వోల్టేజి ఎంతైనా అదే కరెంటు ఇచ్చేది) ఉంది. దాని వోల్టేజి తెలియకుండా లూపు ఎట్లా రాయాలి?

కరకంబాడి_రోడ్డు:
రాయొద్దు. అది సూపర్ మెష్. మధ్య కొమ్మని తాకకుండా బయటి చుట్టు ఒక్కటే రాయి. నీకు ఇందాక పనికిరాకుండా పోయిన లూపు ఇక్కడ కావాలి. రెండో సమీకరణం: రెండు మెష్ కరెంట్ల తేడా 2. సోర్స్ బాణం ఎటుందో చూసి, దేనిలోంచి ఏది తీయాలో రాసుకో.

భాకరాపేట_సోలార్:
లిథియం గురించి ఎవరూ చెప్పలేదే?