పసుపు మాత్రలతో పెద్దవాళ్ల మతిమరుపు ఆగుతుందా?

దుగ్గిరాల బాబు:
మా నాన్నగారికి 71. తెలిసినవాళ్ల పేర్లు కూడా తడుముకుంటున్నారు. అమెరికా నుంచి బావగారు పసుపులోంచి తీసిన కర్క్యుమిన్ మాత్రలు పంపారు. మన దేశంలో అల్జీమర్స్ తక్కువట, పసుపు తినడం వల్లేనట. వాడమంటారా?

మందుల షాపు శ్యామల:
ఆ మాటకు మూలం హర్యానాలోని బల్లభ్‌గఢ్ సర్వే, 2001లో అచ్చయింది. వయసుల తేడా సరిచేసి లెక్కిస్తే, 65 దాటినవాళ్లలో ఏడాదికి వెయ్యికి 4.7 మందికి కొత్తగా అల్జీమర్స్ వచ్చింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో పోల్చిన ప్రాంతంలో 17.5. జబ్బు ఎందరికి వస్తోందో లెక్కపెట్టారు, అంతే. అది పసుపు మీద చేసిన పరిశోధన కాదు. మనవాళ్ల ఆయుర్దాయం తక్కువ కావడం, గమనించిన కాలం చిన్నది కావడం కూడా కారణాలు కావచ్చని రాసినవాళ్లే అన్నారు. 2023లో వచ్చిన జాతీయ అంచనా ప్రకారం 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్‌తో సహా మతి క్షీణించే జబ్బులు) ఉంది. వాళ్లెవరూ పసుపు లేని కూర తిన్నవాళ్లు కాదు కదా!

మిరియాల చారు:
కూరలో పసుపు వేరు, మాత్ర వేరు మేడమ్. పసుపులో కర్క్యుమిన్ మూడు శాతం చుట్టూ ఉంటుంది, అదీ ఒంటికి సరిగా పట్టదు. 1998లో బెంగళూరులో 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే ఒంటపట్టడం 2000 శాతం పెరిగింది. బాగా ఒంటపట్టే రకాన్ని లాస్ ఏంజెలెస్‌లో డిమెన్షియా లేని 40 మంది మీద పరీక్షించారు. రోజుకు రెండుసార్లు 90 మిల్లీగ్రాములు, 18 నెలలు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వీళ్ల జ్ఞాపకశక్తి మెరుగైందని 2018లో ప్రచురించారు.

శ్యామల:
నలభై మందేనండీ. 2012 ట్రయల్‌లో అల్జీమర్స్ ఉన్నవాళ్లకు రోజుకు 4 గ్రాముల దాకా ఇచ్చినా ఫలితం లేదు.

మిరియాల చారు:
అది జబ్బు వచ్చాక 24 వారాలు ఇచ్చింది. ఇల్లు కాలాక నీళ్లు పోసినట్టు. ముందే ఇవ్వాలి.

శ్యామల:
ముందే ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్ జింకో అనే చెట్టు ఆకుల సారానిది. 75 దాటిన 3,069 మంది, ఆరేళ్లు. డిమెన్షియా తగ్గలేదు, 2008లో తేలింది. కోకో గింజల్లో ఉండే ఫ్లావనాల్స్ అనే పదార్థాలను కూడా 3,562 మందితో మూడేళ్లు పరీక్షిస్తే మొత్తం మీద తేడా లేదు. తిండి నాసిగా ఉన్నవాళ్లలో మాత్రం జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. నాకు ఆసక్తిగా అనిపించింది అదొక్కటే. కాకపోతే డబ్బులో కొంత చాక్లెట్ కంపెనీ మార్స్‌ది.

బాబు గారూ, నాన్నగారు వేరే మందులేమైనా వాడుతున్నారా?

దుగ్గిరాల బాబు:
స్టెంట్ వేశారండి. రక్తం పలచబడే మాత్రలు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్.

శ్యామల:
అయితే గుండె డాక్టర్ని అడిగేదాకా ఆ సీసా పక్కన పెట్టండి. కర్క్యుమిన్‌తో రక్తస్రావం ముప్పు పెరగొచ్చు. బాగా ఒంటపట్టేలా చేసిన మాత్రలతో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, దానివల్లా మతిమరుపు వస్తుంది. ముందు బి12, థైరాయిడ్ చూపించండి. చెవులు కూడా. సరిగా వినబడని పేరు గుర్తెలా ఉంటుంది?

మిరియాల చారు:
స్టెంట్ ఉంటే నేనూ వద్దంటాను. కానీ పేటెంట్ లేని పసుపు మీద వేలమందితో ట్రయల్ చేయడానికి డబ్బెవరు పెడతారు?

శ్యామల:
 జింకో ట్రయల్ ఖర్చు ప్రధానంగా అమెరికా ప్రభుత్వమే పెట్టింది.