తేరుకోవడం: కడవలో నీళ్లకీ మనసుకీ ఒకటే మాట

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. భర్త పోయిన అమ్మాయి కొన్నేళ్లకు ఇంకొకరిని ఇష్టపడే కథతో వచ్చిన సినిమాలో అందరూ ఆమెతో "మూవ్ ఆన్ అవ్వు" అంటుంటారు, దాన్ని తెలుగులో ఏమనాలి అని. కింద వచ్చిన జవాబుల్లో "ముందుకు సాగు", "మరిచిపో", "గతాన్ని వదిలెయ్" ఉన్నాయి. ఆ సినిమా నేను మా మేనత్త పక్కన కూర్చుని చూశాను. అందుకని ఈ మాట గురించి కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

"ముందుకు సాగు" పేపర్లో బాగుంటుంది. పోయినవాళ్లు ఉన్న ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. మనవాళ్లు అనేది "ఇప్పుడిప్పుడే తేరుకుంటోంది", "పాపం ఇంకా తేరుకోలేదు", "తేరుకోనివ్వండి" అని. నాకు తెలిసి అడిగిన దానికి సరైన మాట ఇదే. ఇది నీళ్ల మాట.

కోనసీమలో ఇంటింటికీ కుళాయిలు రాకముందు కాలువ నీళ్లే తాగేవారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాక గోదారి నీళ్లు కాలువల్లోకి, కాలువ నుంచి ఊరి మంచినీళ్ల చెరువులోకి, చెరువు నుంచి ఇంట్లో కడవలోకి వచ్చేవి. జూలై, ఆగస్టు వచ్చేసరికి ఎర్రనీరు దిగేది. కడవ ముంచితే టీ రంగులో నీళ్లు. మా మామ్మ ఇండుపగింజని కడవ లోపలి గోడకి బాగా రుద్ది, నీళ్లు పోసి, మూత పెట్టి పక్కన ఉంచేది. ఆ గింజలోని పదార్థానికి నీళ్లలోని మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి అడుక్కి దిగుతాయి. పొద్దున్నకి పైన తేటనీళ్లు. "నీళ్లు తేరాయి" అనేది మామ్మ. పిల్లలం ఎవరం ఆ కడవ కదిపినా ఊరుకునేది కాదు. ఒక్కసారి కుదిపితే మళ్లీ మొదటికి వచ్చేది.

ఈ క్రియని పాత నిఘంటువుల్లో బండి ఱతో "తేఱు" అని రాశారు. రథం అనే అర్థమున్న "తేరు" మామూలు రకారం. ఇప్పుడు రెండూ ఒకలాగే రాస్తున్నాం కాబట్టి చుట్టాలనుకుంటాం గాని, కాదు. ఊఱు నుంచి ఊట వచ్చినట్టు తేఱు నుంచి తేట వచ్చింది. మజ్జిగ మీద తేట, తేటతెల్లం, తేట తెలుగు, మనం పద్యాలు రాసుకునే తేటగీతి, అన్నీ ఆ ఇంటివే. "తేరిపార చూడటం"లోనూ ఆ తేటే ఉంది. తమిళంలో కూడా ఈ ధాతువుకి నీళ్లు తేరడం, మనసు ఊరట పొందడం, రెండు అర్థాలూ ఉన్నాయి. పైగా వాళ్లు ఇండుపగింజనే తేత్తాన్‌కొట్టై అంటారు. అంటే గింజ పేరులోనే ఈ క్రియ ఉంది! నాకు ఇది తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇక వ్యాకరణం సంగతి. "తేరు" అకర్మకం. నీళ్లు తేరతాయి, మనం తేర్చలేం. "తేర్చు" అనే రూపం పాత కావ్యభాషలో ఉంది గాని వాడుకలో నిలబడలేదు. నిలబడకపోవడమే సబబు అనిపిస్తుంది నాకు. "మూవ్ ఆన్ అవ్వు" ఒక ఆజ్ఞ. "తేరుకో" అని ఎవరికైనా ఆజ్ఞ ఇచ్చి చూడండి, నోటికి ఎబ్బెట్టుగా ఉంటుంది. మనం సహజంగా వాడేది "తేరుకోనివ్వండి". అది కూడా బాధలో ఉన్న మనిషితో అనే మాట కాదు, చుట్టూ ఉన్నవాళ్లతో అనేది. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది: కతకవృక్షం పండు నీటిని తేటపరుస్తుంది నిజమే, కాని దాని పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేరవు. కతకం అంటే ఈ ఇండుపే. అక్కడ ఆ పోలిక చెప్పింది వేరే విషయానికి. నాకు మాత్రం పరామర్శకి వచ్చి "ధైర్యం తెచ్చుకో, ధైర్యం తెచ్చుకో" అనేవాళ్లు గుర్తొస్తారు.

మా అత్త సంగతి చెప్తాను, ఆవిడ రాయమంది కాబట్టి. ముప్ఫై నాలుగో ఏట మావయ్య పోయారు. పుట్టింటికి వచ్చేసింది, గోదారి పాయల మధ్యనున్న మా లంక ఊరికి. ఏడాది తిరగకుండానే వచ్చిన ప్రతివాళ్లూ రెండు రకాల సలహాలు మొదలెట్టారు. ఇక ఇలాగే ఉండిపోవాలని కొందరు, వయసు పోతుంది వెంటనే చూసెయ్యండని కొందరు. మామ్మ ఇద్దరికీ ఒకటే సమాధానం చెప్పేది: "కడవలో నీళ్లు ఇప్పుడే పోశామమ్మా. కదపకండి. తేరనివ్వండి." అప్పుడు నాకు పన్నెండేళ్లు. మామ్మ మంచినీళ్ల గురించి చెప్తోందనుకుని వంటింట్లోకి వెళ్లి కడవ మూత తీసి చూశాను.

ఆరేళ్లకి, భార్య పోయిన ఒక మాస్టారు ముక్తేశ్వరం రేవులో పడవ దాటేటప్పుడు రోజూ అత్తకి కనపడేవారు. కోటిపల్లి వైపు ఆయన బడి, ఆవిడ కుట్టుపని. ఏడాదిపాటు రేవు మీద మాటలే. తర్వాత ఆయన ఇంటికొచ్చి మామ్మతోనే మాట్లాడారు. "మీ అమ్మాయిగారు ఒప్పుకుంటేనేనండీ, ఆయ్" అన్నారట. అత్తని అడిగితే "మనసు కుదిరిందమ్మా" అంది.

ఈ "కుదిరింది" దగ్గర కూడా కాసేపు ఆగాలి. కడవ కింద పెట్టే చుట్టని కుదురు అంటాం. మా వైపు కొబ్బరి పీచుతో చేసేవారు, కొందరు గడ్డితో చుట్టేవారు. కుదురు లేకపోతే గుండ్రటి అడుగున్న కడవ ఒరిగిపోతుంది, ఇక నీళ్లు తేరడం ఎక్కడిది? పెళ్లి కుదిరింది, మనసు కుదుటపడింది, పిల్లాడు కుదురుగా కూర్చున్నాడు, అన్నిటిలోనూ ఒరిగిపోకుండా నిలవడమే ఉంది. మాస్టారు అత్తకి కుదురు అయ్యారని నేను అంటాను. అత్త నవ్వి "ఆయనకి నేను కాదూ?" అంటుంది.

సినిమా చూస్తున్నప్పుడు అత్త ఒక్కచోట గట్టిగా మాట్లాడింది. హీరోయిన్ తల్లి పాత ఫొటో గోడ మీంచి తియ్యమంటుంది. "ఎందుకే తియ్యడం, ఒండ్రు ఎక్కడికి పోతుంది?" అంది. గోదారి వరద తీశాక పొలంలో మిగిలే మెత్తటి మట్టిని మేం ఒండ్రు అంటాం. తేరిన కడవలో మట్టి మాయం కాదు, అడుగున అలాగే ఉంటుంది. పైన నీళ్లు తాగుతాం. మావయ్య ఫొటో ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది, మాస్టారి మొదటి భార్య ఫొటో పక్కన. "మరిచిపో" అనే అనువాదం నాకు నచ్చకపోవడానికి కారణం ఇది.

"కోలుకోవడం అనకూడదా?" అని అడిగినవారికి: అనొచ్చు. జ్వరం నుంచి, నష్టం నుంచి కోలుకుంటాం. అందులో పోయిన బలం తిరిగిరావడం ఉంటుంది. తేరుకోవడంలో చూపు స్పష్టం కావడం ఉంటుంది. అత్త రెండో నెలకే కోలుకుంది, కుట్టుమిషను ముందు కూర్చుంది. తేరుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

ఇంకొకరు "పునర్వివాహం" గురించి రాశారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించిన సంగతి మా వైపు అందరికీ గర్వమే. కాని భాషపరంగా ఒకటి గమనించండి. ఏ కులాల్లో ఆ పెళ్లి నిషిద్ధమో అక్కడ దానికి సంస్కృత పదం కావలసి వచ్చింది. ఎన్నో శ్రామిక కులాల్లో అది ముందు నుంచీ ఉన్న ఆచారమే, అందుకే మారుమనువు అనే చక్కటి తెలుగు మాటా ఉంది. మగవాడికైతే "రెండో సంబంధం" అని లెక్క చెప్తారు. 1939లో వై.వి. రావు గారు వితంతు వివాహం మీద తీసిన సినిమాకి లెక్క పెట్టకుండా "మళ్లీ పెళ్లి" అని పేరు పెట్టారు. మళ్లు అంటే తిరుగు. నీళ్లు మడిలోకి మళ్లినట్టు. తిరిగి, మరల, మళ్లీ, మూడూ తిరగడం నుంచి పుట్టినవే. దీని మీద విడిగా రాయాలి, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం అవుతుంది.

ఒక్కటి అడగాలి మిమ్మల్ని. ఇండుపగింజని కొన్నిచోట్ల చిల్లగింజ అంటారు. భీమవరం, నరసాపురం వైపు వాళ్లు మీ ఇళ్లల్లో ఏమనేవారు? ఇంట్లో పెద్దవాళ్లుంటే అడిగి రాయండి. అలాగే మనిషి గురించి కాకుండా, అచ్చంగా నీళ్ల గురించే "తేరాయి" అనడం మీ వైపు ఇంకా వినపడుతోందా? మా ఇంట్లో మామ్మ తర్వాత ఆ మాట అత్త ఒక్కతే అంటోంది.