బోర్డు మినిట్స్‌లో ఎవరేమన్నారో పేర్లతో రాయాలా, వద్దా?

వేళచ్చేరి వాసి:
చెన్నైలో ఒక అంతర్జాతీయ ఆర్థిక సంస్థ ఆఫీసులో, బోర్డు సపోర్ట్ టీమ్‌లో ఈమధ్యే చేరాను. సంస్థ పేరు అడగొద్దు. ఎజెండా పంపడం, పేపర్లు సర్దడం, హాజరు చూడటం, మీటింగ్ అయ్యాక మినిట్స్ (మీటింగులో జరిగినదాని రికార్డు) డ్రాఫ్ట్ చేయడం మా పని. గంటల తరబడి వాదించుకున్న విషయం కూడా మినిట్స్‌లోకి వచ్చేసరికి "చర్చించి ఆమోదించారు" అని ఒక్క ముక్క. ఎవరు అడ్డుపడ్డారో, ఎవరు ఏం అడిగారో ఏమీ ఉండదు. పద్ధతే అది అంటున్నారు. జనం డబ్బుతో నడిచే సంస్థలో ఇది న్యాయమేనా?

మైలాపూర్ సీఎస్:
న్యాయం కాదు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 118 చూడండి. తీర్మానాన్ని ఒప్పుకోని డైరెక్టర్ పేరు మినిట్స్‌లో ఉండి తీరాలి. సెక్రటేరియల్ స్టాండర్డ్ (కంపెనీల మీటింగులకు పెట్టిన నియమావళి) ప్రకారం 15 రోజుల్లో డ్రాఫ్ట్ డైరెక్టర్లందరికీ వెళ్లాలి, ఆ తర్వాత 7 రోజుల్లో వాళ్లు ఏమన్నా ఉంటే చెప్పాలి. మామూలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు కూడా ఇది పాటిస్తాయి (పాటించినట్టు కాగితమైనా పుట్టిస్తాయి!). వేల కోట్లు అప్పిచ్చేవాళ్లకు మినహాయింపు దేనికి?

పల్లావరం బాబు:
రిజర్వ్ బ్యాంకును చూడండి. వడ్డీ రేటు తేల్చే ద్రవ్య విధాన కమిటీలో ఆరుగురు. మీటింగ్ అయిన 14వ రోజున మినిట్స్ బయటికొస్తాయి. ఎవరు ఎటు ఓటేశారో, ఎందుకేశారో పేర్లతో సహా ఉంటుంది. మిన్ను విరిగి మీద పడిందా?

అడయార్ అక్క:
బాబూ, ఆ పోలిక ఇక్కడ అతకదు. ఆ కమిటీలో సభ్యుడు తన బుర్రతో ఓటేస్తాడు, తన ఓటుకు తనే జవాబు చెప్పుకుంటాడు. ప్రపంచ బ్యాంకు బోర్డులో 25 మంది ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లు, అంటే సభ్యదేశాల ప్రతినిధులు. మన కుర్చీలో కూర్చునే ఆయన భారత్‌తో పాటు బంగ్లాదేశ్, భూటాన్, శ్రీలంకల తరఫున కూడా మాట్లాడాలి. తన మాట పేరుతో సహా మర్నాడు పేపర్లో వస్తుందంటే ఏం చేస్తాడు? రాజధాని నుంచి వచ్చిన నోట్ చదివేసి ఊరుకుంటాడు. అక్కడ చాలా నిర్ణయాలు ఓటింగ్ దాకా పోవు, ఏకాభిప్రాయంతోనే తేలతాయి. అంటే ఎవరో ఒకరు మెత్తబడాలి. పేరు రాస్తామంటే ఎవరు మెత్తబడతారు? యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ 2015 నుంచి చర్చల సారాంశం బయటపెడుతోంది గానీ, అందులోనూ పేర్లుండవు. వాళ్లకూ ఇదే భయం.

సీఎస్ గారూ, వీటికి మన కంపెనీల చట్టం వర్తించదు. సభ్యదేశాల ఒప్పందమే వీటికి చట్టం.

"ఏమీ ఉండదు" అన్నది మాత్రం సరికాదమ్మా. ఐఎంఎఫ్‌లో డైరెక్టర్లు తమ అభిప్రాయం ముందే రాసి పంపుతారు, వాటిని "గ్రే"లంటారు. చర్చయ్యాక వచ్చే సారాంశంలో "కొందరు", "చాలామంది" అన్న మాటలు కూడా నోటికొచ్చినట్టు వాడరు. ఎంతమందికి ఏ మాటో లెక్కుంది.

నేనూ ఈ పని చేసినదాన్నే. వాషింగ్టన్‌లో పొద్దున పదింటి మీటింగ్ అంటే మనకు మార్చి నుంచి నవంబరు దాకా రాత్రి ఏడున్నర, మిగతా నెలల్లో ఎనిమిదిన్నర. నా టెన్షన్ ఎవరేమన్నారని కాదు. డైరెక్టర్ లేచి వెళ్లి ఆల్టర్నేట్ (ఆయన బదులు కూర్చునేవారు) వచ్చి కూర్చున్నది ఏ అంశం దగ్గర? కోరం (ఉండాల్సిన కనీస హాజరు) ఉందా? ఆమోదం వచ్చింది మొదట పంపిన పేపరుకా, మధ్యాహ్నం సవరించి పంపినదానికా? ఇది తేడా పడిందంటే బోర్డు ఒప్పుకోని షరతు ఒప్పుకున్నట్టు రికార్డవుతుంది. పేర్ల గొడవ కంటే ఇది వంద రెట్లు ముఖ్యం.

తుళ్లూరు టు తరమణి:
అక్కా, మీకు షరతులు ముఖ్యం, మాకు మనుషులు ముఖ్యం. 2017లో అమరావతి రైతులు రాజధాని ప్రాజెక్టు మీద ప్రపంచ బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్‌కు (బ్యాంకు ప్రాజెక్టుల బాధితుల ఫిర్యాదులు చూసేది) ఫిర్యాదు పెట్టారు. 2019లో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది. 2024 డిసెంబరులో అదే బ్యాంకు అమరావతికి 80 కోట్ల డాలర్లు ఆమోదించింది. ఆ గదిలో మా భూముల మాట ఎవరెత్తారు, ఎవరు నోరు మెదపలేదు? అది తెలుసుకునే హక్కు మాకు లేదా?

అడయార్ అక్క:
హక్కు లేదని ఎవరన్నారు తమ్ముడూ? కానీ రేపు నువ్వు ఆఫీసు గడప తొక్కి నిలదీయడానికి పనికొచ్చేది ప్రాజెక్టు పత్రాల్లో రాసుకున్న హామీ. అవి బ్యాంకు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఫలానా దేశం ఆయన మంచి ప్రశ్న వేశాడని తెలిస్తే మనసుకు బాగుంటుందేమో గానీ, దాంతో ఎవర్నీ కట్టేయలేవు.

మైలాపూర్ సీఎస్:
మరి ఈ బ్యాంకుల్లో తన ఓటు ఎటు పడిందో అమెరికా ట్రెజరీ తనే ప్రకటిస్తుందిగా? బేరాలు ఆగిపోలేదే!

అడయార్ అక్క:
అది ఓటు, గదిలో అన్న మాట కాదు. పైగా ఆ దేశం తనంతట తను చెప్పుకుంటోంది. మన ఆర్థిక శాఖ కూడా అలాగే చెబితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. అడగాల్సింది ఢిల్లీని, మినిట్స్ రాసే పిల్లను కాదు.

పల్లావరం బాబు:
ఢిల్లీ చెప్పినట్టే, మనం విన్నట్టే.

వేళచ్చేరి వాసి:
అక్కా, ఒక్క సందేహం. "నేను తటస్థంగా ఉన్నానని రాసుకోండి" అని డైరెక్టరే మీటింగులో అడిగారు. మా పైఆవిడ డ్రాఫ్టులో ఆ వాక్యం కొట్టేసి "ఆమోదించారు" అని మాత్రం ఉంచింది. ఇదీ పద్ధతేనా?

అడయార్ అక్క:
కాదు. అడిగినప్పుడు రాసి తీరాలి, అందులో రెండో మాట లేదు. రికార్డింగ్‌లో ఆయన ఆ మాట అన్న నిమిషం చూసుకుని, ఆ టైమ్ వేసి ఆవిడకు మెయిల్ పెట్టు. నోటిమాటగా చెప్పి ఊరుకోకు. డ్రాఫ్ట్ డైరెక్టర్లకు వెళ్లకముందే పెట్టు.