అప్‌డేట్: డ్రాయింగ్ మెషీన్‌లో పెన్ను లేపే సర్వో సమస్య తీరింది

నా డ్రాయింగ్ మెషీన్‌లో సర్వో (చిన్న మోటారు) పెన్నును లేపినప్పుడల్లా, మెషీన్‌ని నడిపే ఆర్డ్యూనో ఊనో బోర్డు రీసెట్ అయి, బొమ్మ సగంలోనే ఆగిపోతోందని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు ఆ సమస్య పూర్తిగా పోయింది. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్.

కారణం కరెంటు చాలకపోవడమే. ఎస్‌జీ90 సర్వో బోర్డు మీది 5 వోల్టుల పిన్ నుంచే నడుస్తోంది. కదలడం మొదలయ్యే క్షణంలో అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. మల్టీమీటర్‌లో మాత్రం 5 వోల్టులు సరిగ్గానే కనిపించేవి. వోల్టేజీ మార్పుల్ని గీతగా చూపే ఆసిలోస్కోప్ పెట్టి చూస్తేనే, పెన్ను లేచే ప్రతిచోటా ఆ గీత గుంటలా కిందికి దిగడం తెలిసింది.

పనిచేసిన సలహా: మెషీన్‌ని కదిలించే స్టెప్పర్ మోటార్లకు వాడే 12 వోల్టుల సప్లై నుంచే ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్‌తో (వోల్టేజీని తగ్గించే మాడ్యూల్) సర్వోకి వేరుగా 5 వోల్టులు ఇవ్వడం. సర్వో తగిలించకముందే మీటర్ చూస్తూ కన్వర్టర్ మీది స్క్రూ తిప్పి 5 వోల్టులకు సెట్ చేసుకోండి. ఎర్ర తీగ కన్వర్టర్‌కి, సిగ్నల్ తీగ బోర్డుకి వెళ్తాయి. కన్వర్టర్ గ్రౌండ్, బోర్డు గ్రౌండ్ తప్పకుండా కలపాలి, లేదంటే సర్వో పిచ్చిపిచ్చిగా వణుకుతుంది.

1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే పెట్టినప్పుడు రీసెట్లు తగ్గాయి గానీ ఆగలేదు. అయినా దాన్ని సర్వో పక్కనే ఉంచాను, ఉండటం మంచిదే. జీ-కోడ్‌కీ (మెషీన్‌కి పంపే ఆదేశాలు) యూఎస్‌బీ కేబుల్‌కీ దీంతో సంబంధం లేదు. కొత్త సర్వో కొనాల్సిన పనీ లేదు, పాతదే చక్కగా నడుస్తోంది.