లండన్ సుమోలో గెలుపు ర్యాంకులకి లెక్కలోకి రాదట. అలాంటప్పుడు దాన్ని ఎలా చూడాలి?

లేత్‌షాపు గాజువాక
అక్టోబర్ 22, 2025

అందరికీ నమస్కారం. నాకు ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు ఉంది. ఏడాదిన్నరగా సుమో, అదే జపాన్ వాళ్ళ కుస్తీ, చూస్తున్నాను. ఊరా అనే ఆటగాడి వల్ల మొదలైంది. గులాబీ రంగు మవాషీ (నడుముకి చుట్టే గుడ్డ) కట్టుకుని, తనకంటే బాగా బరువైనవాడి చంక కిందనుంచి దూరిపోయి వెనక తేలతాడు. ఆ ఒక్క క్లిప్పు పదిసార్లు చూసుంటాను. అప్పట్నుంచి ఏ టోర్నమెంటూ వదల్లేదు.

మొన్న అక్టోబర్ 15 నుంచి 19 వరకూ లండన్‌లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఐదు రోజుల సుమో జరిగింది కదా. 1991 తర్వాత మళ్ళీ ఇప్పుడే అక్కడ. నాకు లైవ్ ఎక్కడా దొరకలేదు. అక్కడ సాయంత్రం ఏడంటే మనకి రాత్రి పదకొండున్నర. షాపు కట్టేసి, అన్నం తిని, ఫోను పట్టుకుని ఒక్కో ఫలితం వస్తుంటే చదువుకున్నాను. ఆదివారం చివరి పోరులో హోషోర్యూ ఓనోసాతోని ఓడించి, ఐదుకి ఐదూ గెలిచి కప్పు పట్టుకున్నాడు. మర్నాడు దీపావళి. మా వీధిలో పిల్లలు ముందురోజే మొదలుపెట్టేశారు, ఆ సీమటపాకాయల మధ్యలో నేనూ ఒక్కడినే అరిచాను. మూడు వారాల ముందు సెప్టెంబరు టోర్నీలో ఈ ఓనోసాతోయే ప్లేఆఫ్‌లో, అంటే ఇద్దరూ సమానమైనప్పుడు పెట్టే పోరులో, హోషోర్యూని ఓడించాడు. అందుకే నాకు పగ తీరినట్టయింది.

అయితే నాకు తెలియాల్సింది వేరే ఉంది. మా పిన్ని కొడుకు ఇంగ్లండులో ఉంటాడు. శనివారం టికెట్టు దొరికి వెళ్ళాడు. పైవరసలోంచి తీసిన చిన్న వీడియో పంపాడు. అందులో ఒకతను బరి అంచుదాకా వెనక్కి వచ్చాడు, పాదం అంచున పాతిన గడ్డికట్ట మీద పడింది, అక్కడ ఒక్క క్షణం ఆగి, మెట్టు దిగినట్టు కిందకి దిగిపోయాడు. నెట్టినవాడు పడిపోకుండా అతని మోచెయ్యి పట్టుకున్నాడు. జనం చప్పట్లు. నేను మాత్రం అదే పట్టుకుని కూర్చున్నాను. ఓడిపోయాడా, లేక వదిలేశాడా?

ఈ విదేశీ టోర్నీలు ర్యాంకుల జాబితాకి, అంటే బంజుకేకి, లెక్కలోకి రావని చదివాను. మరి గెలుపుకి విలువేంటి? వచ్చే జూన్ 13, 14 తేదీల్లో పారిస్‌లో కూడా ఉందట. దాన్నీ ఇలాగే రాత్రులు మేలుకుని పట్టించుకోవాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రైడర్ మద్దిలపాలెం
అక్టోబర్ 22

అన్నా, ఆగస్టు 29న మన విశాఖలో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు నేను స్టేడియంలోనే ఉన్నాను. టైటాన్స్ మ్యాచ్. దానికి రెండు వారాల ముందు అదే కుర్రాళ్ళు ప్రాక్టీసులో ఒకళ్ళనొకళ్ళు పట్టుకోవడం చూస్తే నీకు నిద్రొస్తుంది. పాయింటు లేనప్పుడు మోకాలు ఎవడు పణంగా పెడతాడు?

అసలు టోర్నీలు ఏడాదికి ఆరు: జనవరి, మే, సెప్టెంబరు టోక్యోలో, మార్చి ఒసాకా, జూలై నగోయా, నవంబరు ఫుకువోకా. ఒక్కోటి పదిహేను రోజులు. ఎనిమిది గెలిస్తే నిలబడ్డట్టు, ఏడుతో ఆగిపోతే జాబితాలో కిందకి జారడమే. ఏడు గెలుపులు, ఏడు ఓటముల మీద ఉన్నవాడు చివరి రోజు బరిలోకి దిగినప్పుడు వాడి ముఖం చూడు, అదీ ఆటంటే. పైడివిజన్ పోటీలు మనకి మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై రెండున్నరకి అయిపోతాయి, జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు కాబట్టి. జపాన్ టీవీ ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో హైలైట్స్ ఫ్రీ. లండన్, పారిస్ వదిలేయ్, నవంబరు 9న ఫుకువోకా మొదలవుద్ది, దానికి నిద్ర దాచుకో.

పాత పోర్టు మనిషి
అక్టోబర్ 24

బాబూ, పై కుర్రాడు చెప్పినది తప్పు కాదు. కానీ నువ్వడిగిన దానికి అది సగం జవాబే. మిగతా సగం నాకు ఒక జపాన్ ఓడ మీద దొరికింది, కాస్త ఓపిగ్గా చదువు.

నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. ఔటర్ హార్బర్‌లో ఓర్ బెర్తు దగ్గర ఏళ్ళతరబడి డ్యూటీ. బైలదిల్లా ఇనపరాయి కేకే లైను మీద కొండలు దిగి వచ్చి జపాన్ ఓడల్లోకి ఎక్కేది. ఆ రైలు మార్గం వేసిందే ఆ రాయి జపాన్‌కి పంపడానికి. డ్యూటీ దిగేసరికి చొక్కా, కనుబొమలు, టిఫిన్ క్యారేజీ మూత, అన్నీ ఎర్రగా ఉండేవి. మా ఆవిడ ఆ చొక్కాల్ని విడిగా ఉతికేది.

1988 నవంబరులో ఒక ఓడ వచ్చింది. లోడింగుకి మూడు రోజులు ఉన్నట్టు గుర్తు. దాంట్లో బోసన్, అంటే ఓడ పనివాళ్ళ మేస్త్రి, ఒక పెద్దాయన, మాటలు తక్కువ. బిస్కెట్ల డబ్బా అట్ట చింపి దాని మీద పదిహేను గడులు గీసుకున్నాడు. గడిలో సున్నా చుడితే గెలుపు, సున్నాని నల్లగా నింపేస్తే ఓటమి. తెల్ల చుక్క, నల్ల చుక్క అంటారట వాళ్ళు. నేను చూసేసరికి వరసగా పద్నాలుగు తెల్ల సున్నాలు. ఎవరివని అడిగితే భుజం మీద కండ చూపించి 'ఊల్ఫ్' అన్నాడు. చియోనోఫుజి అనే సుమో ఆటగాడి ముద్దుపేరు అది. అప్పటికి వరసగా 53 పోరులు గెలిచి ఉన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం రేడియో దగ్గర నలుగురు చేరారు. గరగర తప్ప నాకేం అర్థం కాలేదు. ఒక్కసారిగా అందరూ మాట మానేశారు. ఓనోకుని అనేవాడి చేతిలో చియోనోఫుజి ఓడిపోయాడు. పెద్దాయన పెన్ను తీసి, పదిహేనో గడిలో ముందు సున్నా చుట్టాడు. తర్వాత దాన్ని అంచులనుంచి లోపలికి, ఎక్కడా తెలుపు మిగలకుండా, చాలా నెమ్మదిగా నింపాడు. పద్నాలుగు గెలుపులతో ఆ టోర్నీ కప్పు చియోనోఫుజికే వచ్చింది, అయినా ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. ఓడ కదిలేముందు ఆ అట్ట నా చేతిలో పెట్టాడు. ఇప్పటికీ నా దగ్గరుంది. మూల మీద నా బొటనవేలి ఎర్ర ముద్ర కూడా అలాగే ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్నకి వస్తాను. జపాన్‌లో ఆ సున్నా అంటే అన్నం. కింది డివిజన్లలో ఉన్నవాడికి జీతమే ఉండదు, పైరెండు డివిజన్లలోకి ఎక్కితేనే జీతం. అందుకే అక్కడ అంచు మీద నిలబడ్డవాడు ఊరికే దిగడు, మెలితిరుగుతాడు, గాల్లో ఉండి కూడా అవతలివాణ్ణి లాగుతాడు. లండన్‌లో ఆ సున్నాకి ఆ బరువు లేదు. మూడు వారాల్లో ఫుకువోకా పెట్టుకుని, రెండు దేశాల స్నేహం కోసం జరిగే ప్రదర్శనలో వాడు కాలు విరగ్గొట్టుకోడు, అవతలివాడూ విరగ్గొట్టడు. నీ వీడియోలో మోచెయ్యి పట్టుకున్నది అందుకే. దాన్ని నేను మోసం అనను. ఎవరెక్కువ బలవంతుడో తేల్చుకోవడానికి మాత్రం లండన్ ఫలితం పట్టుకోకు.

అంచు చూడటం నేర్చుకో. వలయం అడ్డం 4.55 మీటర్లు. చుట్టూ ఇరవై గడ్డికట్టలు మట్టిలో పాతి ఉంటాయి. వాటిల్లో నాలుగు, నాలుగు దిక్కులకీ ఒక్కోటి, కొంచెం బయటికి జరిపి పెడతారు. పూర్వం ఆరుబయట ఆడే రోజుల్లో వాననీళ్ళు పోవడానికి అలా పెట్టేవారట. ఇప్పుడు ఆ జానెడు చోటు మడమ ఆనించి నిలబడటానికి పనికొస్తుంది. కాలితో వెతుక్కుంటూ దాని మీదకి చేరి నిలబడ్డవాడు ఇంకా ఓడిపోలేదన్నమాట. నీ వీడియోలో ఆ మనిషి మడమ ఎక్కడుందో చూడు.

ఇంకొకటి. 1991లో అదే హాల్లో గెలిచినది హొకుటోఉమి. చియోనోఫుజి, ఇతను ఒకే తాలింఖానాలో పెరిగారు. చియోనోఫుజి ఆ మేలోనే ఆట మానేశాడు, అక్టోబరులో లండన్‌కి ఆటగాడిగా వెళ్ళలేకపోయాడు. హొకుటోఉమి ఇప్పుడు హక్కాకు పేరుతో సుమో సంఘానికి అధ్యక్షుడు. ముప్పై నాలుగేళ్ళ కిందట తాను నెగ్గిన హాల్లోకి, ఈసారి అందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ర్యాంకుల్లో లేకపోయినా ఆ గెలుపు చెరిగిపోలేదు కదా.

మా తాత కోడి రామమూర్తి గారిని చూశానని చెప్పేవాడు. గుండె మీదకి ఏనుగుని ఎక్కించుకున్న మనిషి. ఆయన లండన్ వెళ్ళి రాజుగారి ముందు బలం చూపించి వచ్చాడని చెప్పేటప్పుడు మా తాత అరుగు మీద నిటారుగా కూర్చునేవాడు. అక్కడ ఎవర్ని ఓడించాడని మేం ఎప్పుడూ అడగలేదు.

పెదవాల్తేరు పీఈటీ
అక్టోబర్ 25

బాబాయ్ గారూ, అట్ట గురించి రాసింది చదువుతూ ఆగిపోయాను. ఒక ఫోటో పెట్టండి.

హక్కాకు పేరు ఎత్తారు కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను ఆడపిల్లలకి ఆటలు నేర్పిస్తాను. 2018 ఏప్రిల్‌లో జపాన్‌లోని మైజురులో ఒక ప్రదర్శన సుమోలో ఆ ఊరి మేయరు మాట్లాడుతూ బరి మీదే కుప్పకూలిపోయాడు. వైద్యం తెలిసిన ఆడవాళ్ళు పరుగున ఎక్కి గుండె నొక్కుతుంటే, ఆడవాళ్ళు బరి దిగాలని మైకులో చెప్పారు. అది కూడా ర్యాంకులు లేని ప్రదర్శనే. తర్వాత క్షమాపణ చెప్పింది ఈ హక్కాకు గారే. నియమం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. మా పిల్లలు సుమో క్లిప్పులు చూసి 'మేడమ్, మనం అక్కడికి ఎక్కొచ్చా' అని అడిగితే లేదు అని చెప్పడం నాకు బాధ.

అయినా చూస్తాను. దెబ్బ తగిలి పడ్డవాణ్ణి గెలిచినవాడు చెయ్యిచ్చి లేపడం, ఇద్దరూ వంగి దణ్ణం పెట్టుకుని దిగడం, గెలిచినా పిడికిలి ఎత్తి అరవకపోవడం పిల్లలకి చూపిస్తాను. ప్రశ్న వేసిన తమ్ముడికి నేను చెప్పేదొకటే, పారిస్ చూడు. వాళ్ళకీ మనకీ జూన్‌లో మూడున్నర గంటలే తేడా, లండన్ అంత మేలుకోనక్కర్లేదు.

లేత్‌షాపు గాజువాక
నవంబర్ 24, 2025

బాబాయ్ గారూ, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. అక్టోబరు చివర తుఫానుకి మా వీధిలో కరెంటు పోయి షాపులో పనంతా వెనకబడింది. తర్వాత ఫుకువోకాలో పడ్డాను.

మీరు చెప్పినట్టు ఆ వీడియో ఆపి ఆపి చూశాను. మడమ మామూలు కట్ట మీదే ఉంది. బయటికి జరిపిన కట్ట అతని ఎడమకాలికి అరడుగు దూరంలో ఉంది. దాన్ని వెతుక్కోలేదు. నేరుగా దిగాడు. అంటే నాకు జవాబు దొరికింది, ఇప్పుడు కోపం కూడా లేదు.

ఈసారి నేనూ అట్ట కట్టాను. బేరింగుల డబ్బా అట్ట, పదిహేను గడులు. హోషోర్యూకి ఒక వరస, ఓనోసాతోకి ఒకటి, ఉక్రెయిన్ కుర్రాడు అవోనిషికికి ఒకటి. రోజూ మధ్యాహ్నం లేత్ ఆపి, చేతికి నూనె తుడుచుకుని సున్నా చుట్టేవాణ్ణి. మా దగ్గర పనిచేసే కుర్రాడు కూడా అడగటం మొదలెట్టాడు, 'అన్నా, ఈరోజు తెలుపా నలుపా' అని. అంచు మీద ఒక్కడూ ఊరికే దిగలేదు. ఇద్దరు కలిసి కింద జనంలోకి పడ్డారు గానీ దిగలేదు.

నిన్న చివరి రోజు. ఓనోసాతో గాయంతో తప్పుకున్నాడు, హోషోర్యూకి పోరు లేకుండానే గెలుపు ఇచ్చేశారు. అవోనిషికి కొతోజకురాని ఓడించాడు. ఇద్దరివీ పన్నెండు మూడు. ప్లేఆఫ్‌లో అవోనిషికి హోషోర్యూని పడగొట్టి కప్పు ఎత్తుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళు. ఉక్రెయిన్ నుంచి ఇలా గెలిచినవాడు ఇతనే మొదటివాడు. నేను లండన్‌లో గెలిచాడని అరిచిన మనిషి ఇక్కడ ఓడిపోయాడు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది.

కానీ అట్ట దగ్గర ఇరుక్కుపోయాను. హోషోర్యూ పదిహేనో గడిలో ఏం గియ్యాలి? పోరే జరగలేదు, సున్నా చుట్టడానికి చెయ్యి రావట్లేదు. ప్లేఆఫ్ ఓటమి ఎక్కడ పెట్టాలి? పదహారో గడి గియ్యనా?

పాత పోర్టు మనిషి
నవంబర్ 24

గియ్యకు బాబూ. పోరు లేకుండా వచ్చిన గెలుపుకి సున్నా కాదు, చదరం గియ్యాలి, లోపల ఖాళీగా వదిలెయ్. ఓనోసాతో వరసలో అదే చదరాన్ని నల్లగా నింపు. అవోనిషికికి మామూలు సున్నా. ప్లేఆఫ్ గెలుపోటములు ఎవరి లెక్కలోనూ కలవవు, దానికి గడి లేదు. కావాలంటే అట్ట వెనకవైపు రాసుకో.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి బీచ్ రోడ్డులో కోడి రామమూర్తి గారి విగ్రహం దగ్గర ఉంటాను. మా అట్ట తెస్తాను, నీది కూడా పట్రా. పీఈటీ అమ్మాయి ఫోటో అడిగింది, ఆవిడనీ రమ్మను, చేత్తో పట్టుకుని చూస్తుంది.