పరిమితిలోనే వెళ్తున్నాను, వెనకవాళ్లకి సైడ్ ఎందుకివ్వాలి?

నిదాన_ప్రయాణం:
సూటిగా అడుగుతున్నాను. హైవే మీద వేగ పరిమితి 100 అని బోర్డు ఉంది. ఓవర్‌టేకింగ్ లేన్‌లో నేను సరిగ్గా 100లో వెళ్తున్నాను. పక్క లేన్‌లో లారీలు 80లో నడుస్తున్నాయి. వెనక నుంచి ఒక కారు దూసుకొచ్చి, బంపర్‌ని తాకుతుందేమో అన్నంత దగ్గరగా పట్టుకుని, డిప్పర్ మీద డిప్పర్ కొడుతుంది. తప్పుకోమని దాని అర్థం. నేనెందుకు తప్పుకోవాలి? నన్ను దాటాలంటే ఆ మనిషి చట్టాన్ని దాటాల్సిందే. ఆయన తప్పు చెయ్యడానికి నేను లారీల మధ్యలో దూరి, 80కి తగ్గి, మళ్లీ బయటికి రావడానికి సందు కోసం చూస్తూ కూర్చోవాలా? ఎప్పుడూ నియమం పాటించేవాళ్లే సర్దుకుపోవాలా?

వెన్నెల_దారి:
నిదాన గారూ, మీ కోపం న్యాయమైనదే. కానీ మీరు రెండు నియమాల్ని కలిపేస్తున్నారు. ఎంత వేగంగా వెళ్లాలన్నది ఒక నియమం, ఏ లేన్‌లో ఉండాలన్నది ఇంకొకటి. మొదటిది పాటిస్తున్నాం కాబట్టి రెండోది మనకి వర్తించదనడానికి లేదు. బ్రిటన్ హైవే కోడ్ 264వ నియమం చూడండి: ఓవర్‌టేక్ చెయ్యనప్పుడు ఎడమ లేన్‌లోనే ఉండాలంటుంది. పరిమితిలో వెళ్లేవాళ్లకి అందులో మినహాయింపు లేదు. అమెరికాలో జార్జియా రాష్ట్రం 2014లో చట్టమే చేసింది. మనకంటే వేగంగా వచ్చే బండి వెనక ఉందని తెలిశాక ఓవర్‌టేకింగ్ లేన్‌లో కొనసాగకూడదు, మనం పరిమితిలో ఉన్నా సరే. ట్రాఫిక్ కిక్కిరిసినప్పుడు తప్పుకోనక్కర్లేదు లాంటి సడలింపులు అందులోనూ ఉన్నాయి.

వెనకవాళ్ల వేగానికి శిక్ష వెయ్యడం పోలీసుల పని. ఇంకో డ్రైవర్‌ని అదుపులో పెట్టే అధికారం మనకి ఎవరూ ఇవ్వలేదు.

మీటరు_ముల్లు:
నాకు "సరిగ్గా 100" అన్న దగ్గరే అభ్యంతరం. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం, స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపకూడదు. ఎక్కువ మాత్రం చూపొచ్చు: అసలు వేగంలో పదో వంతు, దాని మీద ఇంకో 4 కిలోమీటర్ల దాకా. తక్కువ చూపితే ఇబ్బంది కాబట్టి కంపెనీలు ముల్లుని కాస్త ముందుకే జరిపి పెడతాయి. టైర్లు అరిగే కొద్దీ ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది. మీటరు 100 చూపిస్తుంటే జీపీఎస్‌లో 95, 96 కనపడటం మామూలే. అంటే మీ వెనకున్న మనిషి చట్టాన్ని ఒక్క కిలోమీటరు కూడా దాటకుండానే మిమ్మల్ని దాటగలరు. "నన్ను దాటేవాళ్లంతా నేరస్థులే" అనే లెక్క అక్కడే తప్పిపోతుంది.

నిదాన_ప్రయాణం:
మీటరు గారూ, ఈ సంగతి అందరూ తెలుసుకోవాల్సిందే. కానీ డిప్పర్ కొట్టేవాళ్లు 96కీ 100కీ మధ్య తేడా కోసం కొట్టడం లేదు. 130లో, 140లో వస్తున్నారు. 100 నుంచి 140కి వెళ్తే వేగం 40 శాతమే పెరుగుతుంది, ఢీకొంటే ఆ దెబ్బలో ఉండే శక్తి మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. నేను సైడ్ ఇస్తే ఆ బండి ముందున్న ఏ కుటుంబం మీదికి పోతుందో! నేను ముందున్నంత సేపు అది 100లోనే ఉంటుంది కదా. పంతం కొద్దీ అనడం లేదు, ప్రాణాల గురించే అడుగుతున్నాను.

పెద్దబండి_అన్న:
నేను లారీ తోలతాను. మా సీటు ఎత్తు నుంచి కనపడేది చెప్తాను.

మీరు ముందుంటే వాడు 100లోనే ఉంటాడని అనుకుంటున్నారు. ఉండడు. కాసేపు చూస్తాడు, ఓపిక పోతుంది. మా లేన్‌లోకి కోసేసి, నా ముందున్న ఖాళీలోంచి మిమ్మల్ని తప్పు వైపు నుంచి దాటి, మళ్లీ మీ ముందుకి దూరతాడు. ఆ ఖాళీ నేను నా బ్రేకు కోసం ఉంచుకున్నది. నిండు లోడుతో ఉన్న బండి కారులాగా ఆగదు. వాడు దూరిన క్షణంలోనే నా ముందు లారీ బ్రేకు వేసిందంటే, ముందొక లారీ, వెనక నేను, మధ్యలో ఆ కారు. అప్పటికి మీరు ముందుకి వెళ్లిపోయి ఉంటారు, జరిగింది మీకు తెలియను కూడా తెలియదు. మీరు ఆపాననుకున్న ప్రమాదం ఆగలేదు సార్, మా లేన్‌లోకి వచ్చింది.

అలాగని మా లారీల తప్పు లేదనను. యూరప్‌లో పెద్ద లారీలకి 90 దాటకుండా స్పీడ్ లిమిటర్ ఉంటుంది. ఒకటి 90లో, ఇంకోటి 88లో ఉన్నాయనుకోండి. వెనక వదలాల్సిన దూరం, రెండు బండ్ల పొడవు, ముందు వదలాల్సిన దూరం కలిపితే దాటే లారీ 80 మీటర్లు అదనంగా నడవాలి. గంటకి 2 కిలోమీటర్ల తేడాతో అది అవ్వడానికి రెండు నిమిషాల పైనే పడుతుంది. ఆ లోపు మూడున్నర కిలోమీటర్లు రెండు లేన్లూ మూసుకుపోయి ఉంటాయి, వెనక కార్లన్నీ పోగుపడతాయి. దాటబడుతున్న డ్రైవరు కొంచెం కాలు తీసి ఓ ఎనిమిది కిలోమీటర్లు తగ్గిస్తే అదే పని అర నిమిషంలో అయిపోతుంది. నేను తీస్తాను. పక్క బండి వెనక చక్రాలు నన్ను దాటాక లైటు ఒకసారి కొడతాను, లోపలికి వచ్చెయ్ అని. వాళ్లు ఇండికేటర్ ఓసారి ఇటూ, ఓసారి అటూ వేసి థాంక్స్ చెప్తారు. కాలు తియ్యని డ్రైవర్లు కూడా చాలామంది ఉన్నారు, వాళ్లని చూస్తే నాకూ మండుతుంది.

కొత్త_లైసెన్స్:
అందరూ ముందున్నవాళ్లకే బుద్ధులు చెప్తున్నారేంటండీ? అసలు తప్పు వెనక అంటుకున్నవాళ్లది కదా! 100లో కారు సెకనుకి దాదాపు 28 మీటర్లు వెళ్తుంది. ఐదారు మీటర్ల దూరంలో అంటుకున్నారంటే మధ్యలో ఉన్నది సెకనులో ఐదో వంతు. యాక్సిలరేటర్ మీంచి కాలు లేవడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. నేను బ్రేకు వేస్తే వాళ్లు ఆగే మార్గమే లేదు. దీన్ని "సైడ్ అడగడం" అంటారా? నాకైతే అది బెదిరింపే.

ఇంకో మాట. నాకు భయం వేసేది వేగం వల్ల కాదు, లేన్ మారడం వల్ల. పక్కన లారీ, దాని బ్లైండ్ స్పాట్, వెనక కళ్లలోకి కొట్టే లైట్లు. ఆ టెన్షన్‌లో అద్దం సరిగా చూసుకోకుండా మారిపోతామేమోనని భయం. ప్రతి లారీకీ లోపలికీ బయటికీ మారుతూ పోతే రిస్క్ పెరగదా? మర్యాద కోసం నా ప్రాణం మీదికి తెచ్చుకోవాలా?

వెన్నెల_దారి:
కొత్త లైసెన్స్ గారూ, అంటుకోవడం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. జర్మనీలో డ్రైవర్లకి నేర్పే లెక్క తేలికగా ఉంటుంది: మీటరు చూపించే వేగంలో సగం, అన్ని మీటర్ల దూరం వదలాలి. 100కి 50 మీటర్లు. దగ్గరగా అంటుకుని ఆపకుండా లైట్లు కొడుతూ వెంటపడితే అక్కడ ట్రాఫిక్ జరిమానాతో పోదు, బలవంతపెట్టిన నేరం కింద కేసు కూడా పెట్టొచ్చు. అదే దేశంలో ఊళ్ల బయట, దూరం నుంచి ఒకసారి లైటు కొట్టి "దాటబోతున్నాను" అని తెలపడం చట్టబద్ధమే. దూరం నుంచి ఒకసారి కొడితే అది కబురు, ఐదు మీటర్ల నుంచి పదిసార్లు కొడితే దౌర్జన్యం.

బ్రిటన్‌లో 2013లో పోలీసులకి అక్కడికక్కడే జరిమానా వేసే అధికారం ఇచ్చినప్పుడు, వెనక అంటుకోవడాన్నీ, మధ్య లేన్ పట్టుకుని వదలకపోవడాన్నీ ఒకే గాటన కట్టారు. రెండూ అజాగ్రత్త డ్రైవింగే. ముందువాళ్ల తప్పు వల్ల వెనకవాళ్ల తప్పు చిన్నది కాదు. అటు నుంచి ఇటూ అంతే.

ఇక ఎన్నిసార్లు మారాలి అన్నది. ప్రతి లారీకీ మారమని ఎవరూ అనరు. మీరు 100, లారీలు 80. రెండు లారీల మధ్య 300 మీటర్ల ఖాళీ ఉంది. ముందూ వెనకా సురక్షిత దూరం తీసేసినా అర నిమిషం పైన హాయిగా లోపలి లేన్‌లో ఉండొచ్చు. అంత ఖాళీ ఉంటే మారాలి. 100 మీటర్లే ఉంటే మారక్కర్లేదు, వరస అయ్యేదాకా దాటుకుంటూ పోవడమే నయం. ఒకే దిశలో మూడు లేన్లున్న చోట, కుడి లేన్‌లో అప్పుడప్పుడూ బండ్లు తగులుతుంటే మధ్య లేన్‌లోనే సాగిపోవచ్చని జర్మనీ నియమమే చెప్తుంది. కుడి వైపు నడిచే ఆ దేశంలో మెల్లగా వెళ్లేది కుడి లేన్. ఊరికే అటూ ఇటూ మారుతూ ఉండటం కూడా మంచిది కాదనే కదా దాని ఉద్దేశం.

నాలుగో_గేరు:
ఇంత చర్చ ఎందుకు? ఎవరైనా అంటుకుంటే బ్రేకు పెడల్‌ని అలా తాకండి, లైటు వెలిగితే చాలు, దెబ్బకి దూరం జరుగుతారు. ఎప్పుడూ పని చేస్తుంది.

పెద్దబండి_అన్న:
తమ్ముడూ, వద్దు. ఆ వెనకవాడు ఫోను చూస్తున్నాడో, కునికిపాట్లు పడుతున్నాడో నీకు తెలీదు. వాడు భయపడి గట్టిగా తొక్కితే వాడి వెనకున్నవాడు, వాడి వెనక నేను. దూరం కావాలంటే ఒకటే దారి: యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీసి నీ ముందు ఖాళీ పెంచుకో. అప్పుడు ముందు ఏదైనా జరిగినా నువ్వు గట్టిగా బ్రేకు వేసే పని ఉండదు. వెనకవాడికి లేని దూరాన్ని కూడా నువ్వే నీ ముందు ఉంచుకున్నట్టు.

మీటరు_ముల్లు:
బ్రేకు లైటు సంగతికి ఒకటి చేరుస్తాను. 2008లో జపాన్ శాస్త్రవేత్తలు 230 మీటర్ల వలయంలో 22 కార్లని ఒకే వేగంతో నడపమన్నారు. అడ్డంకి లేదు, మలుపులో తేడా లేదు, లేన్ మార్పు లేదు. కాసేపటికే ఎవరో కొంచెం తగ్గడం, వెనకాయన ఇంకొంచెం ఎక్కువ తగ్గడం, చివరికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోవడం జరిగింది. ఆ ఆగుడు ఒక అలలాగా వెనక్కి ప్రయాణించింది. హైవే మీద ప్రమాదమూ లేదు, రోడ్డు పనీ లేదు, అయినా ట్రాఫిక్ ఎందుకు ఆగిందో అర్థం కాని సందర్భాలు చాలావరకు ఇవే. వెనక అంటుకునేవాళ్లు తొందరగా చేరాలని అంటుకుంటారు, వాళ్ల బ్రేకులే ఆ అలని పుట్టిస్తాయి.

నిదాన_ప్రయాణం:
తప్పు వైపు నుంచి దాటడం గురించి పెద్దబండి అన్న చెప్పింది బలమైన మాట, దానికి నా దగ్గర జవాబు లేదు. సందు ఉంటే ఇస్తాను. కానీ లారీలు వరసగా అంటుకుపోయి ఉన్నప్పుడు, వెనక ఎంత గోల చేసినా 80కి తగ్గి ఇరుక్కోను. అక్కడ మాత్రం మారే ప్రసక్తే లేదు.

వెన్నెల_దారి:
అంబులెన్సు అయితే తప్ప అక్కడ మారక్కర్లేదు. కాకపోతే 80కి తగ్గడాన్ని అంత నష్టంగా చూడకండి. అర నిమిషం 100కి బదులు 80లో వెళ్తే మీరు పోగొట్టుకునేది ఆరు సెకన్లు.

నిదాన_ప్రయాణం:
ఆరు సెకన్లే అయితే, ఆ ఆరు సెకన్లు వెనకవాళ్లు ఎందుకు ఆగకూడదు?

వెన్నెల_దారి:
ఆగాలి. యాభై మీటర్ల దూరంలో ఆగాలి, లైట్లు కొట్టకుండా. అది వాళ్లకి చెప్పాల్సిన మాట, వాళ్లు ఇక్కడుంటే వాళ్లకీ ఇదే చెప్తాను. మీరు అడిగారు కాబట్టి మీ వంతు చెప్పాను.

కొత్త_లైసెన్స్:
అన్నా, ఒక్క సందేహం. లారీని దాటాక లోపలికి ఎప్పుడు రావాలో నాకు ఎప్పుడూ అర్థం కాదు. తొందరపడి కోస్తే మీకు ఇబ్బంది, ఆలస్యం చేస్తే వెనకవాళ్ల గోల.

పెద్దబండి_అన్న:
చెల్లెమ్మా, పక్క అద్దం నమ్మకు. కొన్ని బండ్లలో అది దూరాన్ని తప్పుగా చూపిస్తుంది. లోపల మధ్య అద్దంలో నా హెడ్‌లైట్లు రెండూ పూర్తిగా కనపడేదాకా ఆగు. కనపడ్డాక ఇండికేటర్ వెయ్, పక్క అద్దం చూడు, భుజం మీంచి ఒకసారి తిరిగి చూడు, తర్వాత మెల్లగా రా. లోపలికి వచ్చాక వేగం మాత్రం తగ్గించకు, వెనక ఉన్నది నేను. రాత్రి వేళ వెనక లైట్లు కళ్లలో పడుతుంటే మధ్య అద్దం కింద చిన్న మీట ఉంటుంది, దాన్ని వంచితే వెలుగు తగ్గుతుంది. బండి కదలకముందే అది ఎక్కడుందో చూసి పెట్టుకో.